బెత్తెడు తక్కువ

నలభై ఏళ్ళుగా మనుషుల్ని కొలిచిన టేపు ఇది.
నడుములు, భుజాలు, పెళ్ళికొడుకుల మెడలు.
మొన్న ఆదివారం మొదటిసారి
దీంతో ఒక కారుని కొలిచాను.

షోరూమ్ కుర్రాడు నవ్వాడు.
"కొలతలన్నీ కాగితంలో ఉన్నాయమ్మా."
కాగితంలో చెవులుండవు బాబూ,
అద్దాలు రెండూ చాపితే ఎంతో చెప్పు, అన్నాను.
మాట మార్చి బ్యాటరీ గొప్పలకి వెళ్ళాడు.

మా ఆయన ర్యోహేయ్ అప్పటికే లోపలెక్కి
కొత్త చెప్పులేసుకున్న పిల్లాడిలా
కాళ్ళు ఆడిస్తున్నాడు.
"శబ్దం లేదు హత్సుయే, శబ్దమే లేదు!"
నా భయం అదే.
మా సందులో ముసలివాళ్ళంతా
చెవులతోనే రోడ్డు దాటుతారు.

టోక్యోలో బండి ఇంటికి రావాలంటే
అది పడుకునే చోటు ముందు పోలీసులకి చూపించాలి.
మాకున్నది ఇనుప టవర్లో మూడో అర,
బట్టల బీరువాలో అర లాంటిదే.
మీటరున్నర ఎత్తు, ఆపైన ఓ రెండంగుళాలు.
కాపలా మొతెగి గారు బొమ్మ చూసి
సంబంధం కుదరదని చెప్పేవాడిలా మొహమాటపడ్డాడు.
"ఎత్తు సంగతి సరే, దీని కడుపు నిండా బ్యాటరీ.
రెండు టన్నులు.
నా పళ్ళేలు మోయలేవమ్మా."

ప్లగ్గు కోసం అపార్ట్‌మెంట్ మీటింగు పెట్టారు.
పంతొమ్మిది ఇళ్ళు, రెండు గంటలు, చల్లారిన టీ.
బిల్లు ఎవరి పేరున, అన్నారు ఉసామి గారు.
వచ్చే ఏడు చూద్దాం అని రాసుకుని లేచారు.
ఏనుగుని కొన్నాక అంకుశానికి బేరమాడే రకం మా ఆయన.
నేను ముందు అంకుశం ధరే అడుగుతాను.

గుండీల డబ్బాలో పెట్రోలు రసీదులు తీశాను.
పోయినేడు పాత కారు కదిలింది నలభై ఒక్క రోజులు.
గుడ్డల టోకు బజారుకి కొన్ని,
ఊరికే, బండి చచ్చిపోకుండా చుట్టూ తిప్పినవి చాలా,
సముద్రానికి రెండు.
ఆ రెండు రోజుల సముద్రం కోసం
ఏడాదంతా ఏనుగుని మేపుదామా?

ఇక సందు.
ఎదురింటి తకిగుచి గారి పూలకుండీలు ఇరవై ఏడు,
గోడవారన, పొద్దున్నే నీలంగా విచ్చుకుని.
కొలిచాను. కుండీలు ఉంటే మూరెడు తక్కువ.
ఎవరు చెప్పారో ఏమో,
తెల్లారేసరికి ఆవిడ కుండీలన్నీ మెట్ల మీదికి ఎక్కించింది,
ముక్కుకి గొట్టంతో, ఆయాసపడుతూ.
మళ్ళీ కొలిచాను.
ఇంకా బెత్తెడు తక్కువ.
ఒక్కొక్కటే దించి పెట్టాను.
ఆవిడ కిటికీలోంచి చూస్తూ ఏమీ అనలేదు.

ఆ రాత్రి బియ్యం కడుగుతూ చెప్పాడు మా ఆయన,
కుర్రాడికి చెప్పని మాట, నాకూ చెప్పని మాట:
"ఆ కారు కరెంటు వెనక్కి కూడా ఇస్తుందట.
తుఫాను రాత్రి గుర్తుందా,
తకిగుచి గారి ఆక్సిజన్ మిషను ఆగిపోయి
సిలిండర్ ముల్లు మీద టార్చి వేసుకుని కూర్చున్నాం.
ఆ ముల్లు దిగడం...
కారుంటే రెండు రోజులు నడిచేది."

నేను టేపు చుట్టేశాను.
చాలాసేపటికి అన్నాను:
కరెంటు పోతే టవర్ దిగదు కదండీ.

అతని చేతుల్లో నీళ్ళు తెల్లగా కారుతూనే ఉన్నాయి.
మూడో అరలో, గాల్లో,
సందంతటికీ సరిపడా వెలుగు కడుపులో పెట్టుకుని
కిందికి రాలేక నిలబడ్డ బండి
ఇద్దరికీ ఒకేసారి కనపడింది.

ఈవేళ తకిగుచి గారి గౌనుకి కొలతలు తీసుకున్నాను.
చిక్కిపోయింది, భుజం దగ్గర రెండు వేళ్ళు.
వంగినప్పుడు, పిన్ను పడిపోయిందని అబద్ధమాడి,
మంచం కిందికి టేపు పోనిచ్చాను.

మూరెడు ఎత్తు. బారెడు లోతు.
ఒక పెట్టె పడుతుంది.